రహస్యం ముందు, చట్టం వెనుక: బ్రిటన్ రాజ్యాంగమూ గూఢచార సంస్థలూ

1952 సెప్టెంబర్ 24న బ్రిటన్ హోం మంత్రి డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్, దేశీయ నిఘా సంస్థ ఎంఐ5 అధిపతికి కొద్ది పేరాల ఉత్తర్వు ఒకటి పంపారు. సంస్థ హోంశాఖలో భాగం కాదు. అధిపతి మాత్రం హోం మంత్రికి స్వయంగా జవాబుదారీ. అవసరమైతే నేరుగా ప్రధాని దగ్గరికి వెళ్ళవచ్చు. ఏ పార్టీ పక్షమూ వహించకూడదు. వివరాల జోలికి పోకుండా ఉండే పాత ఆనవాయితీని మంత్రులు పాటిస్తారు. సారాంశం ఇంతే. పార్లమెంటు దీన్ని చర్చించలేదు, దీనిమీద ఓటు వేయలేదు. మంత్రి ప్రొఫ్యూమో కుంభకోణం మీద న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ 1963లో ఇచ్చిన నివేదికలో అచ్చయ్యాకే జనం దాన్ని చదివారు. 1989 దాకా, అంటే 37 ఏళ్ళపాటు, ఎంఐ5 పనికి ప్రధాన ఆధారం ఆ కాగితమే.

పార్లమెంటరీ ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని పేరుపడ్డ దేశంలో ఇదెలా సాధ్యమైంది? తర్వాత ఏం మారింది? నిజంగా మారింది ఎంత? చరిత్రను వరసగా చూస్తే ఒక తీరు బయటపడుతుంది. బ్రిటన్‌లో గూఢచర్యం ముందు నడిచింది, చట్టం దాని వెనుక వచ్చింది. వచ్చిన ప్రతి చట్టమూ రెండు పనులు చేసింది. సంస్థలు ఎవరో ఒకరికి లెక్క చెప్పక తప్పని స్థితి తెచ్చింది. అప్పటిదాకా అవి చాటుగా చేస్తున్న పనులకు అధికారముద్ర కూడా వేసింది. ఈ రెండింటిలో ఒక్కదాన్నే చూసేవాళ్ళు బ్రిటన్‌ను మెచ్చుకోవడమో తిట్టిపోయడమో చేస్తారు. రెండూ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పుస్తకంలో లేని రాజ్యాంగం

బ్రిటన్ రాజ్యాంగం ఒకచోట రాసి ఉండదు. 1215 నాటి మాగ్నా కార్టా, 1689 హక్కుల చట్టం, 1701 వారసత్వ చట్టం, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, శతాబ్దాల కోర్టు తీర్పులు, వీటి మధ్య ఖాళీలను పూడ్చే సంప్రదాయాలు, అన్నీ కలిస్తేనే అది. పార్లమెంటు ఏ చట్టమైనా చేయగలదనీ, దాన్ని కొట్టేసే అధికారం ఏ కోర్టుకూ లేదనీ 1885లో ఎ.వి.డైసీ సిద్ధాంతీకరించారు. మన సుప్రీంకోర్టు రాజ్యాంగ సవరణను సైతం రద్దు చేయగలదు. లండన్ సుప్రీంకోర్టు పార్లమెంటు చేసిన మామూలు చట్టాన్ని కూడా రద్దు చేయలేదు.

సంప్రదాయాలు చట్టం కావు. కోర్టుకు వెళ్ళి వాటిని అమలు చేయించలేం. అయినా దేశం నడిచేది వాటి మీదే. పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు రాజు సమ్మతి నిరాకరించడం 1708 తర్వాత జరగలేదు. నిరాకరించకూడదని ఎక్కడా రాసి లేదు. పదవుల్లో ఉన్నవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళే అయి ఉంటారన్న నమ్మకం మీద ఈ ఏర్పాటంతా నిలబడిందని చరిత్రకారుడు పీటర్ హెన్నెసీ చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు.

రాజుగారి విశేషాధికారాలు మరో ముఖ్యమైన అంశం. యుద్ధానికి దిగడం, ఒప్పందాలు చేసుకోవడం, సైన్యాన్ని పంపడం ఒకప్పుడు రాజు చేతిలోవి. ఇప్పుడు రాజు పేరు మీద మంత్రులు వాటిని వాడతారు. వీటికి పార్లమెంటు ముందస్తు అనుమతి అక్కర్లేదు. గూఢచార సంస్థలు పుట్టింది ఈ అధికారాల నీడలోనే.

1909: చట్టం లేకుండా పుట్టిన శాఖ

జర్మన్ గూఢచారులు దేశమంతా నిండిపోయారన్న భయం పత్రికల్లోనూ నవలల్లోనూ రాజ్యమేలుతున్న రోజుల్లో, 1909లో, సామ్రాజ్య రక్షణ కమిటీ సిఫారసుతో సీక్రెట్ సర్వీస్ బ్యూరో ఏర్పడింది. మొదట ఇద్దరే అధికారులు: సైన్యం నుంచి వెర్నన్ కెల్, నౌకాదళం నుంచి మాన్స్‌ఫీల్డ్ కమ్మింగ్. కెల్ చూసిన దేశీయ విభాగం ఎంఐ5గా, కమ్మింగ్ చూసిన విదేశీ విభాగం ఎంఐ6గా ఎదిగాయి. సంకేతలిపిని ఛేదించే విభాగం 1919లో మొదలై, రెండో ప్రపంచయుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో పేరు తెచ్చుకుని, 1946లో జీసీహెచ్‌క్యూ అయింది. ఆ ఏడాది మార్చిలోనే అమెరికాతో సమాచారం పంచుకునే ఒప్పందం కుదిరింది. దాని పాఠం ప్రజల ముందుకు రావడానికి 2010 దాకా పట్టింది.

ఈ శాఖలకు చట్టం లేదు గానీ వాటి రహస్యాలకు మాత్రం గట్టి చట్టమే దొరికింది. 1911 అధికార రహస్యాల చట్టాన్ని కామన్స్ సభ ఒక్క మధ్యాహ్నంలో ముగించింది. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా ఏ అధికారిక సమాచారం బయటపెట్టినా నేరమేనని అందులోని రెండో సెక్షన్ చెప్పింది. ఆ నమూనాలోనే భారతదేశానికి 1923 చట్టం వచ్చింది. అది నేటికీ మన మీద అమల్లో ఉంది.

ఈ కథ మొదటి నుంచీ మనకు పరాయిది కాదు. 1909 జూలై 1న లండన్‌లో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపాక, యూరప్‌లోని భారత విప్లవకారుల మీద కన్నేసి ఉంచడానికి జాన్ వాలింజర్ అనే పోలీసు అధికారిని లండన్‌కు పంపారు. ఇండియన్ పొలిటికల్ ఇంటెలిజెన్స్ అలా మొదలైంది. గదర్ పార్టీ కూడా ఈ నిఘా పరిధిలోకి వచ్చింది. ఆ పార్టీలో చేరి జైలుపాలైన తెలుగువాడు దరిశి చెంచయ్య. పౌరస్వేచ్ఛ గురించి లండన్‌లో ఎంత గొప్పగా చెప్పుకున్నా, వలస ప్రజల ఉత్తరాలు విప్పడానికి అది అడ్డు రాలేదు.

చట్టం లేని సంస్థ రాజకీయాల్లో వేలు పెడితే పట్టుకునేవాళ్ళు లేరని 1924లోనే తేలింది. ఎన్నికలకు నాలుగు రోజుల ముందు డైలీ మెయిల్ పత్రిక జినోవియెవ్ లేఖ ప్రచురించింది. బ్రిటిష్ కమ్యూనిస్టులకు మాస్కో నుంచి వచ్చిన ఆదేశం అన్నట్టు అది కనిపించింది. అది నకిలీ. లేబర్ ప్రభుత్వం ఓడిపోయింది. ఆ ఓటమికి లేఖే కారణమని చెప్పలేం. అయినా గూఢచార వర్గాల నుంచి ఆ కాగితం ప్రతిపక్షం చేతికి ఎలా చేరిందన్న ప్రశ్న మీద విదేశాంగశాఖ చరిత్రకారిణి గిల్ బెనెట్ నివేదిక రావడానికి 1999 దాకా ఆగాల్సివచ్చింది.

రెండు తీర్పుల మధ్య

ఈ చరిత్రనంతా అర్థం చేసుకోవడానికి రెండు కోర్టు తీర్పులను పక్కపక్కన పెట్టి చూడాలి. 1762లో మంత్రి హాలిఫాక్స్ ఇచ్చిన వారంట్‌తో రాజుగారి భటులు జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంట్లో చొరబడి, పెట్టెలు పగలగొట్టి, కాగితాలు ఎత్తుకెళ్ళారు. ఎంటిక్ దావా వేశాడు. ఇలాంటి వారంట్ ఇచ్చే అధికారం మంత్రికి ఏ చట్టంలో ఉందో చూపించమని 1765లో ప్రధాన న్యాయమూర్తి కామ్డెన్ అడిగారు. చూపించలేకపోయారు. రాజ్యావసరం అన్నంత మాత్రాన అధికారం రాదని తేలింది. చట్టం అనుమతిస్తేనే ప్రభుత్వం పౌరుడి గడప దాటగలదు.

రెండు శతాబ్దాల తర్వాత జేమ్స్ మలోన్ అనే పాత వస్తువుల వ్యాపారి మీద దొంగసొత్తు కేసు నడుస్తుండగా, అతని ఫోన్ విన్నట్టు విచారణలో బయటపడింది. అతనూ కోర్టుకెక్కాడు. ఫోన్ ట్యాపింగ్‌కు అనుమతినిచ్చే చట్టం లేదు, నిషేధించే చట్టమూ లేదు. 1979లో జడ్జి మెగారీ ఇచ్చిన తీర్పు ఏమిటంటే: నిషేధం లేదు కాబట్టి చట్టవిరుద్ధం కాదు. ఈ విషయంలో చట్టం తేవాల్సిన అవసరం ఉందని అంటూనే ఆయన చేతులెత్తేశారు. చట్టం లేకపోవడం 1765లో ప్రభుత్వం చేతులు కట్టేసింది. అదే లేమి 1979లో ప్రభుత్వానికి స్వేచ్ఛనిచ్చింది. ఇంట్లోకి అడుగుపెట్టకుండా తీగల మీద మాటలు వినడం నేర్చాక ఎంటిక్ రక్షణ పనిచేయలేదు.

ఆ ఖాళీని లండన్ కోర్టులు పూడ్చలేదు. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు పూడ్చింది. స్పష్టమైన చట్టం లేకుండా ఫోన్లు వినడం హక్కుల ఉల్లంఘనేనని 1984లో మలోన్ కేసులోనే చెప్పింది. మరుసటి ఏడాదే బ్రిటన్‌కు తొలి ట్యాపింగ్ చట్టం వచ్చింది. 1985లోనే ఎంఐ5 మాజీ అధికారిణి కాథీ మాసిటర్ టీవీ కార్యక్రమంలో మాట్లాడుతూ, పౌరహక్కుల సంఘం నాయకుల మీద సంస్థ ఫైళ్ళు నడిపిందని బయటపెట్టారు. ఆ నాయకుల్లో హ్యారియెట్ హార్మన్, పాట్రీషియా హ్యూయిట్ తర్వాత లేబర్ మంత్రులయ్యారు. వాళ్ళిద్దరి ఫిర్యాదూ యూరప్‌కు చేరింది. అక్కడ ఓడిపోక తప్పదని గ్రహించిన ప్రభుత్వం 1989లో ఎంఐ5కు చట్టం చేసింది. ఎంఐ6 ఉందని అధికారికంగా ఒప్పుకున్నది 1992లో. దానికీ జీసీహెచ్‌క్యూకూ చట్టం వచ్చింది 1994లో. పుట్టిన 80, 85 ఏళ్ళకు కాగితాల మీద పేరు పడిందన్నమాట.

మధ్యలో ఎంఐ5 మాజీ అధికారి పీటర్ రైట్ రాసిన 'స్పైకాచర్' పుస్తకాన్ని ఆపడానికి థాచర్ ప్రభుత్వం ఆస్ట్రేలియా దాకా వెళ్ళి ఓడిపోయింది. 1984లో జీసీహెచ్‌క్యూలో కార్మిక సంఘాలను నిషేధించినప్పుడు మాత్రం ప్రభుత్వమే గెలిచింది. రాజు పేరుతో వాడే అధికారాన్ని కూడా కోర్టు పరిశీలించవచ్చని ప్రభువుల సభ న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. జాతీయ భద్రతకు ఏది అవసరమో తేల్చే పని మాత్రం ప్రభుత్వానిదేనన్నారు. ఒక తలుపు తెరిచి, దాని వెనుక గదికి తాళం వేసినట్టయింది. నిషేధం 1997లో లేబర్ ప్రభుత్వం వచ్చాకే పోయింది.

ఇప్పటి యంత్రాంగం

ఎంఐ5కు హోం మంత్రి, ఎంఐ6కూ జీసీహెచ్‌క్యూకూ విదేశాంగ మంత్రి బాధ్యులు. మొత్తం మీద బాధ్యత ప్రధానిది. మూడింటి సమాచారాన్నీ కలిపి అంచనా వేసే జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ 1936లో పుట్టి, 1957 నుంచి కేబినెట్ కార్యాలయంలో పనిచేస్తోంది. 2010 నుంచి జాతీయ భద్రతా మండలి ఉంది. ఎంఐ5కు అరెస్టు చేసే అధికారం లేదు, ఆ పని పోలీసులది. గూఢచర్యమూ లాఠీ ఒకే చేతిలో ఉండకూడదన్న ఈ విభజన బ్రిటిష్ ఏర్పాటులో నిజంగా మెచ్చుకోదగ్గది.

2016 దర్యాప్తు అధికారాల చట్టంతో పెద్ద మార్పు వచ్చింది. ఫోన్ వినాలన్నా, కంప్యూటర్‌లో చొరబడాలన్నా మంత్రి సంతకం ఒక్కటే చాలదు. అత్యవసర సందర్భాల్లో తప్ప, అనుభవజ్ఞుడైన జడ్జి ఆమోదం పడేదాకా ఆ వారంట్ అమల్లోకి రాదు. 'డబుల్ లాక్' అని దీనికి పేరు. పైన దర్యాప్తు అధికారాల కమిషనర్ కార్యాలయం తనిఖీలు చేస్తుంది. పౌరులు ఫిర్యాదు చేసుకోవడానికి 2000 నుంచి ప్రత్యేక ట్రైబ్యునల్ ఉంది. పార్లమెంటు తరఫున తొమ్మిది మంది సభ్యుల నిఘా, భద్రతా కమిటీ ఉంది. 1994లో పుట్టిన ఈ కమిటీకి 2013 చట్టం అధికారాలు పెంచింది.

2016 చట్టం ఊరికే రాలేదు. 2013 జూన్‌లో అమెరికా నిఘా సంస్థ కాంట్రాక్టు ఉద్యోగి ఎడ్వర్డ్ స్నోడెన్ పత్రాలు బయటపడ్డాయి. సముద్రగర్భ కేబుళ్ళ నుంచి జీసీహెచ్‌క్యూ పెద్దఎత్తున సమాచారం తోడుకుంటోందని లోకానికి తెలిసింది. 2015 ఫిబ్రవరిలో ట్రైబ్యునల్ తన 15 ఏళ్ళ చరిత్రలో తొలిసారి గూఢచార సంస్థలకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అమెరికా నుంచి తీసుకున్న సమాచారానికి వర్తించే నియమాలు అప్పటిదాకా రహస్యంగా ఉన్నందున, ఆ ఏర్పాటు చెల్లదంది. ఆ ఏడాది చివర్లో ఇంకో సంగతి బయటికొచ్చింది. 1984 టెలికాం చట్టంలోని 94వ సెక్షన్ కింద మంత్రులు రహస్య ఆదేశాలిచ్చి, జనం ఎవరెవరితో ఎప్పుడు మాట్లాడారో ఆ వివరాలను కుప్పలుగా సేకరిస్తున్నారు. సెక్షన్‌లో ఉన్నది జాతీయ భద్రత కోసం ఆదేశాలివ్వవచ్చన్న సాధారణమైన మాట. దాన్ని ఆమోదించిన సభ్యుల్లో ఎంతమంది ఇంత అర్థం ఊహించి ఉంటారు? ప్రభుత్వం బహిరంగంగా ఒప్పుకోక ముందు జరిగిన సేకరణ చట్టవిరుద్ధమని 2016 అక్టోబర్‌లో ట్రైబ్యునల్ తేల్చింది. మరుసటి నెలే కొత్త చట్టం సామూహిక సేకరణను రాతపూర్వకంగా అనుమతించింది. పాత రహస్యం కొత్త సెక్షన్ అయింది, దానితో పాటు జడ్జి సంతకమూ వచ్చింది. మొదట్లో చెప్పిన తీరు ఇదే.

సంప్రదాయం చట్టం ముందు ఎంత బలహీనమో కూడా ఈ కాలంలోనే తేలింది. ఎంపీల ఫోన్లు వినబోమని ప్రధాని హెరాల్డ్ విల్సన్ 1966లో సభలో హామీ ఇచ్చారు. తర్వాతి ప్రధానులూ అదే మాట చెబుతూ వచ్చారు. దానికి చట్టపరమైన విలువ లేదని 2015లో ట్రైబ్యునల్ తీర్పు చెప్పింది. 2016 చట్టం ఎంపీల విషయంలో ప్రధాని అనుమతి కూడా తప్పనిసరి చేసింది. అర్ధశతాబ్దంపాటు మాట మీద నడిచింది అక్షరంలోకి వచ్చింది. వద్దన్న మాట కాస్తా షరతుగా మారింది.

పట్టు జారే చోట్లు

ఎంత బిగువైన చట్టమున్నా మూడు చోట్ల పట్టు జారుతోంది.

మొదటిది, సమాచారం రాజకీయ అవసరానికి లొంగినప్పుడు. 2002 సెప్టెంబర్‌లో ఇరాక్ ఆయుధాల మీద బ్లెయిర్ ప్రభుత్వం విడుదల చేసిన పత్రంలో, ఆ ఆయుధాలను 45 నిమిషాల్లో ప్రయోగానికి సిద్ధం చేయగలరన్న వాదన ఉంది. 2003 మార్చి 18న కామన్స్ 412-149 తేడాతో యుద్ధానికి సరేనంది. ఆధారాల బలహీనత ఆ పత్రంలో స్పష్టంగా కనిపించలేదనీ, కేబినెట్‌లో నిర్ణయాలు కాగితాలు చూడకుండా కబుర్లలో జరిగిపోయాయనీ 2004లో బట్లర్ కమిటీ తప్పుపట్టింది. ఆధారాలు మోయలేనంత నిశ్చయంతో ఆ అంచనాలను ప్రజల ముందు పెట్టారని 2016లో చిల్కాట్ నివేదిక తేల్చింది. ఇక్కడ గూఢచార సంస్థలు అదుపు తప్పలేదు. మంత్రులకు మరీ దగ్గరగా వెళ్ళాయి. ఉమ్మడి బాధ్యత అనే కేబినెట్ సంప్రదాయం నీరుగారితే ఏ వారంట్ చట్టమూ ఆ లోటు తీర్చదు.

రెండోది, పర్యవేక్షకుల తాళంచెవి ప్రధాని దగ్గరే ఉండటం. నిఘా కమిటీ సభ్యులను పార్లమెంటు నియమిస్తుంది గానీ పేర్లు ప్రతిపాదించేది ప్రధాని. నివేదిక ముందు ఆయన దగ్గరికే వెళుతుంది. రష్యా జోక్యం మీద నివేదిక 2019 అక్టోబర్‌లో ప్రధాని బోరిస్ జాన్సన్ చేతికి అందింది. డిసెంబర్ ఎన్నికలు దాటాక, 2020 జూలైలో గానీ వెలుగు చూడలేదు. అధ్యక్ష పదవికి ప్రభుత్వం కోరుకున్న వ్యక్తిని కాదని సభ్యులు జూలియన్ లూయిస్‌ను ఎన్నుకుంటే, ఆయన్ను సొంత పార్టీ తన పార్లమెంటరీ బృందం నుంచి తొలగించింది. 2014 డిసెంబర్ తర్వాత ఏ ప్రధానీ తమను కలవలేదని కమిటీ 2022-23 నివేదికలో ఫిర్యాదు చేసింది.

మూడోది, ఏజెంట్ల వ్యవహారం. 1989లో బెల్‌ఫాస్ట్‌లో లాయర్ పాట్ ఫినుకేన్‌ను ఇంట్లో భార్యాబిడ్డల కళ్ళెదుటే కాల్చి చంపారు. ఆ హత్యలో ప్రభుత్వ మనుషులు దిగ్భ్రాంతి కలిగించే స్థాయిలో కుమ్మక్కయ్యారని 2012లో ప్రధాని కామెరన్ ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. బహిరంగ విచారణకు ప్రభుత్వం అంగీకరించింది 2024లో. ఏజెంట్లు నేరాలు చేయడానికి ఎంఐ5 రహస్య నిబంధనలతో అనుమతిస్తోందన్న వివాదంలో 2019లో ట్రైబ్యునల్ 3-2 తేడాతో సంస్థ పక్షాన నిలిచింది. 2021లో దానికీ చట్టం వచ్చింది. ఒక ఏజెంట్ కేసులో ఎంఐ5 కోర్టులకు అబద్ధపు సాక్ష్యం ఇచ్చినట్టు 2025లో బయటపడింది. బీబీసీ విలేఖరి దగ్గరున్న ఆధారం వల్లే అది తేలింది. సంస్థ క్షమాపణ చెప్పింది.

ఇక్కడే అసలు ప్రశ్న. తప్పులను మొదట కనిపెట్టింది ఎవరు? మలోన్ కేసులో ప్రాసిక్యూషన్ నోరు జారింది. తర్వాత ఒక అధికారిణి అంతరాత్మ, అమెరికా కాంట్రాక్టు ఉద్యోగి ఒకరు, విలేఖరులు, కోర్టుకెక్కిన స్వచ్ఛంద సంస్థలు. అధికారిక కాపలాదారులు చాలాసార్లు దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగారు. మినహాయింపు లేకపోలేదు. 9/11 తర్వాత ఖైదీల చిత్రహింసల విషయంలో నిఘా కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక, దుర్వ్యవహారం జరుగుతోందని తెలిసీ లేదా అనుమానించీ మిత్రదేశాలకు ప్రశ్నలో సమాచారమో అందించిన 232 ఉదంతాలను లెక్కగట్టింది. కాగితాలు చేతికిస్తే కమిటీ పనిచేయగలదని ఇది రుజువు చేసింది. అధికారులను ప్రశ్నించడానికి ప్రధాని ఒప్పుకోకపోవడంతో ఆ విచారణ అక్కడే ఆగిపోయింది.

మనకు సంబంధించిన లెక్క

బ్రిటన్ 1985లో, 1989లో, 1994లో విడిచిపెట్టిన దశలోనే భారతదేశం ఉంది. 1887లో మూలాలున్న ఇంటెలిజెన్స్ బ్యూరోకు గానీ, 1968లో ఏర్పడ్డ 'రా'కు గానీ వాటి అధికారాలను నిర్వచించే చట్టం లేదు, వాటిని ప్రశ్నించే పార్లమెంటు కమిటీ లేదు. 2011లో మనీష్ తివారీ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు ముందుకు కదల్లేదు. ఫోన్ ట్యాపింగ్ 1885 టెలిగ్రాఫ్ చట్టం కింద నడిచింది. 1996లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టిన జాగ్రత్తలు ఉన్నా, అనుమతించేదీ సమీక్షించేదీ అధికారులే. జడ్జి ఎక్కడా లేడు. రాజకీయ నాయకుల, ఇతరుల ఫోన్లు విన్నారన్న ఆరోపణల మీద 2024లో హైదరాబాద్‌లో పోలీసు అధికారులు అరెస్టయ్యారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆ ఆరోపణలు వెలికివచ్చింది ప్రభుత్వం మారాకేనన్నది మాత్రం తెలుస్తూనే ఉంది. అధికారం చేతులు మారితే తప్ప నిజం బయటికి రాని ఏర్పాటును పర్యవేక్షణ అనలేం.

బ్రిటన్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఆ చట్టాలను మక్కీకి మక్కీ దించుకోవడం కాదు. అలా దించుకుంటే సామూహిక సేకరణకు చట్టబద్ధత ముందు వస్తుంది, జడ్జి సంతకం వెనుకపడుతుంది. చట్టం ఉండటం అవసరమే గానీ, చట్టం ఉన్నంత మాత్రాన అదుపు ఉన్నట్టు కాదు. చూడాల్సినవి మూడు: వారంట్‌ను కాదనగలిగే స్వతంత్ర వ్యక్తి ఉన్నాడా, ఫైళ్ళు అడిగి తెప్పించుకునే హక్కు ప్రభుత్వం బయటివాళ్ళకు ఉందా, వాళ్ళు కనుక్కున్నది ప్రధాని దయ లేకుండా ప్రజల ముందు పెట్టగలరా. బ్రిటన్ మొదటిదాన్ని 2016లో సాధించింది. రెండోదాన్ని సగం సాధించింది. మూడోది ఇంకా ప్రధాని బల్ల మీదే ఉంది. మనం మొదటిదాని దగ్గరే మొదలుపెట్టాలి.